ఒక ఆదివారం మా డాబా మీదికి రండి: ఇంటి సోలార్ పథకం అధికారులకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు నగరాల్లో ఇళ్ల మీద సోలార్ పెట్టించే పథకాన్ని నడుపుతున్న అధికారులందరికీ,

నమస్కారం. నేను విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. 2025 ఫిబ్రవరిలో మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాం. అప్పటినుంచి మా వీధివాళ్లు, గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లెలి ఇంటి చుట్టుపక్కలవాళ్లు కరెంటు బిల్లు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. "పెట్టించుకోమంటారా టీచరుగారూ?" అని అడుగుతారు. కూర్చోబెట్టి, కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను. బాగుందంటారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్తారు. ఆ తర్వాత చాలామంది ఆగిపోతారు. ఎందుకు ఆగిపోయారని నేను ఒక్కొక్కరినీ అడిగాను. వాళ్లు చెప్పినవి మీ దాకా చేరుతున్నట్టు నాకు అనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ ప్రచారం ఎక్కడ చూసినా సబ్సిడీ గురించే ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో దానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు. ఈ అంకెలు మా వీధిలో టీ కొట్టు అబ్బాయి కూడా చెబుతాడు. జనానికి తెలియక ఆగిపోయారని మీరు అనుకుంటున్నారు. తెలిసే ఆగిపోయారు. నేను ఎవరితో మాట్లాడినా, ఎటు తిరిగి ఎటు వచ్చినా, చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు: "సోలార్ పలకలు ఇరవై అయిదేళ్లు ఉంటాయంటున్నారు, సరే. మూడో ఏట పాడైతే ఎవరొస్తారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఇచ్చే మనిషి మా వీధిలో కనబడాలి. నేను అడగబోయేది అంతే. కానీ ముందు మీరు మా లెక్కలు, మా భయాలు వినాలి.

ముందు డబ్బు సంగతే చెబుతాను. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. మెట్లు ఎక్కినకొద్దీ ధర పెరుగుతుంది. సోలార్ చేసే మంచి పని ఏమిటంటే, ఆ మెట్లను పైనుంచి తీసేస్తుంది. మా ఎదురింట్లో రెండు ఏసీలున్నాయి. మే నెలలో 450 యూనిట్లు కాలితే యూనిట్ల ఖరీదే 3,036 రూపాయలు. 3 కిలోవాట్లు నెలకు దాదాపు 360 యూనిట్లు ఇస్తాయి. మిగిలిన 90 యూనిట్లకు 260 రూపాయలు కడితే చాలు. ఆ నెల మిగులు 2,776 రూపాయలు. వాళ్లకు నేను పెట్టించుకోమని గట్టిగా చెప్పాను.

అదే మా వెనక వీధిలో కుట్టుమిషన్ మీద బతికే ఒకావిడ ఉంది. ఆవిడ ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, నెలకు 120 యూనిట్లు. యూనిట్ల ఖరీదు 394.50. ఒక కిలోవాటు పెట్టించుకుంటే డెబ్భై వేల దాకా అవుతుంది. సబ్సిడీ పోను నలభై వేలు. అది తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. ఆవిడ చేతిలో నలభై వేలుంటే కొత్త మిషన్ కొంటుంది, లేదా కూతురి కాలేజీ ఫీజు కడుతుంది. అది తెలివైన నిర్ణయమే. ఆవిడకు పర్యావరణం మీద శ్రద్ధ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టడం, బీసీలకు అదనపు సబ్సిడీ ఇవ్వడం నాకు నచ్చిన పనులు. కానీ మీ కరపత్రం రెండు ఏసీల ఇంటికీ, కుట్టుమిషన్ ఇంటికీ ఒకే మాట చెబుతోంది. అది పొరపాటు. చిన్న బిల్లు ఉన్నావిడ "ఇందులో ఏదో మోసం ఉంది" అనుకుని, తన అన్నగారికి కూడా వద్దని చెబుతుంది. ఆ అన్నగారి బిల్లు ఎంతో ఎవరూ అడగరు.

మధ్యలో ఉన్నవాళ్లు ఇంకోలా ఆలోచిస్తారు. మా వయసువాళ్లం ఏ ఖర్చునైనా బ్యాంకులో వేసిన డిపాజిట్‌తో పోల్చుకుంటాం. నెలకు సగటున 300 యూనిట్లు కాల్చే ఇంటికి సబ్సిడీ పోను లక్షా ఇరవై వేల పెట్టుబడి ఆరేడేళ్లలో తిరిగి వస్తుంది. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ కంటే ఇది మేలు. నేను కాగితం మీద నిరూపిస్తాను, వాళ్లూ ఒప్పుకుంటారు. అయినా డిపాజిట్ కదిలించరు. ఎందుకంటే డిపాజిట్ కావలసినప్పుడు తిరిగి వస్తుంది. ఆస్పత్రి ఖర్చు మీద పడితే డాబా మీది పలకలు అమ్ముకోలేం. పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండి, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లే ఉన్నప్పుడు ఈ ఆలోచన ఎంత బలమైనదో నాకు తెలుసు. సబ్సిడీ కూడా పని అంతా అయ్యాక ఖాతాలో పడుతుంది. ముందు పూర్తి డబ్బు కట్టాలి, లేదా బ్యాంకు రుణం తీసుకోవాలి. పూచీకత్తు లేకుండా 2 లక్షల దాకా రుణం ఉందని చెబుతున్నారు. మంచిదే. అయితే డెబ్భై ఏళ్ల మనిషికి అప్పు అనే మాటే టెన్షన్. ఆయన కొడుకుతో ఒక్కసారి ఫోన్లో మాట్లాడే మనిషి ఉంటే ఆ టెన్షన్ సగం తగ్గేది.

ఇప్పుడు మాకు బాగా నొప్పి కలిగించే సంగతి రాస్తున్నాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు తెల్లవారుజామున మా వీధిలోకి వచ్చాయి. మధ్యాహ్నానికి కింది వాటా మునిగింది. కింద అద్దెకుండే కుటుంబం, మేము, పక్కింటి ముసలి దంపతులు అందరం మా డాబా మీదికి చేరాం. ఇన్వర్టర్, బ్యాటరీ మెట్ల కిందే ఉండేవి, అవీ నీళ్లలో పోయాయి. ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది. మా అబ్బాయికి మేము బతికే ఉన్నామని చెప్పడానికి ఒకటిన్నర రోజు పట్టింది. పడవలు వస్తున్నాయి, డ్రోన్లు అన్నం పొట్లాలు వేస్తున్నాయి, మూడో రోజు బాగా ఎండ కాసింది. ఆ ఎండలో కూర్చుని మా ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఇంత ఎండ ఉంది, ఒక ఫోను ఛార్జి చేసుకోలేకపోతున్నాం."

మేము సోలార్ పెట్టించుకోవాలని అనుకున్నది ఆ రోజు. మా వీధిలో ఇంకా చాలామందికి కోరిక పుట్టింది అప్పుడే. బిల్లు గురించి కాదు. ఇంకోసారి చీకట్లో కూర్చోకూడదని.

మాకు సోలార్ పెట్టిన కంపెనీ మనిషిని నేను మొదటి రోజే అడిగాను, కరెంటు పోతే మాకు ఉంటుందా అని. "మీకేం అమ్మా, మీ కరెంటు మీదే" అన్నాడు. మే నెలలో ఈదురుగాలికి మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. మబ్బు తొలగి ఎండ మళ్లీ వచ్చింది. మా ఇంట్లో ఫ్యాన్ తిరగలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు, కలిపిన సోలార్, లైన్లో కరెంటు లేనప్పుడు తనంతట తాను ఆగిపోవాలి. లేకపోతే స్తంభం ఎక్కి పని చేసే లైన్‌మన్‌కు మా ఇంటి కరెంటు తగిలి ప్రాణం పోతుంది. కారణం వినగానే నాకు కోపం పోయింది. లైన్‌మన్ ప్రాణం కంటే నా ఫ్యాన్ ఎక్కువ కాదు. కరెంటు పోయినప్పుడు కూడా నడవాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, దానికి ఖర్చు ఎక్కువ, సబ్సిడీ పలకలకే గాని బ్యాటరీకి రాదు. ఈ నాలుగు మాటలు ముందే చెబితే నేను ఆలోచించుకుని, అయినా పెట్టించుకునేదాన్ని. చెప్పలేదు. ఆ మధ్యాహ్నం మా పక్కింటి పెద్దాయన మా గేటు దగ్గర నిలబడి, "పోయిందా టీచరుగారూ? మీక్కూడానా?" అని అడిగారు. ఆయన అడ్వాన్స్ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ రోజు నుంచి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒక అబద్ధం ఒక ఇంటితో ఆగదు. వరద చూసిన వీధిలో అసలు ఆగదు.

డాబా గురించి కూడా మీకు చెప్పాలి. మీ కాగితాల్లో డాబా అంటే కిలోవాటుకు 100 చదరపు అడుగుల ఖాళీ జాగా. మాకు అది ఖాళీ జాగా కాదు. వేసవిలో వడియాలు పెట్టేది, ఆవకాయకు మిరపకాయలు ఎండబెట్టేది, బట్టలు ఆరేసేది, కరెంటు పోతే చాప వేసుకుని పడుకునేది అక్కడే. వరద వస్తే ప్రాణాలు దక్కించుకునేదీ అక్కడే. చాలా ఇళ్లకు పిల్లర్ల పైన ఊచలు అలాగే వదిలేసి ఉంటాయి, ఎప్పటికైనా కొడుకు ఇంకో అంతస్తు వేస్తాడని. ఆ ఊచల మధ్య పలకలు పెట్టడమంటే ఆ ఆశ వదులుకోవడంలా ఉంటుంది వాళ్లకు. పలకలు విప్పి మళ్లీ పైకి మార్చుకోవచ్చని, దానికి ఇంత ఖర్చు అవుతుందని ఎవరైనా చెప్పారా? స్టాండు ఏడెనిమిది అడుగుల ఎత్తులో వేయించుకుంటే కింద బట్టలు ఆరేసుకోవచ్చని, నీడకు మంచం వేసుకోవచ్చని చెప్పారా? మేము అలాగే ఎత్తుగా వేయించుకున్నాం. ఖర్చు కొంత పెరిగింది. కానీ ఆ నీడ వల్ల పై గది వేడి తగ్గింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలోనూ మధ్యాహ్నం ఆ గదిలో ఉండగలిగాం. మా ఇంటికి వచ్చిన ఆడవాళ్లు బిల్లు కంటే ముందు ఆ గదిలోకి వెళ్లి చూస్తారు. మీ పోస్టర్లలో ఆ గది ఎక్కడా లేదు.

వాస్తు సంగతి చిన్నచూపు చూడకండి. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని నమ్మే ఇల్లు మన దగ్గర ప్రతి వీధిలో ఉంది. నైరుతి వైపు పెట్టి దక్షిణానికి వాలిస్తే వాళ్ల నమ్మకమూ నిలుస్తుంది, కరెంటూ బాగా వస్తుంది. కొలతలకు వచ్చిన కుర్రాడు నవ్వకుండా ఈ ఒక్క మాట చెబితే సరిపోయేది. బ్రాడీపేటలో ఒక ఇంట్లో ఆ నవ్వు వల్లే బేరం పోయింది.

గుంటూరువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది గాలి గురించి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గుంటూరువాళ్లకు బాపట్ల ఎంత దూరం? రేకులు ఎగిరిపోవడం కళ్లారా చూసినవాళ్లు పలకలు ఎగరవా అని అడుగుతారు. స్టాండును ఎంత గాలికి తట్టుకునేలా కట్టారో రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. కొందరు పనివాళ్లు శ్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు బిగించి, సరిగా మూసివేయకుండా పోతున్నారు. తొలకరికి పై గదిలో నీళ్లు కారతాయి. డాబా కారితే ఆ ఇల్లాలు చుట్టాలందరికీ చెబుతుంది, చెప్పాలి కూడా.

ఇంకో కారణం పాత సోలార్ వాటర్ హీటర్లు. మా ఉప్పునీళ్లకు గొట్టాల్లో తెల్లగా పేరుకుపోయి, పగిలిపోయి, బాగుచేసేవాళ్లు లేక చాలా డాబాల మీద వాటి అస్థిపంజరాలు ఇప్పటికీ ఉన్నాయి. పలకల్లో నీళ్లు పారవు, అది వేరు ఇది వేరు అని నేను చెబుతూనే ఉంటాను. వాళ్లు నా మాట విని, ఆ తుప్పు పట్టిన తొట్టి వైపు చూస్తారు.

కాగితాల గొడవ ఒకటి ఉంది. బిల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే దరఖాస్తు చేయాలి. మా ఇంటి సర్వీసు మా మావయ్యగారి పేరు మీద ఉండేది. ఆయన పోయి పధ్నాలుగేళ్లు. పేరు మార్పుకు మా ఆడపడుచు ఒంగోలు నుంచి, మరిది తెనాలి నుంచి వచ్చి సంతకాలు పెట్టేసరికి రెండు నెలలు పట్టింది. మా ఇంట్లో అందరికీ పడుతుంది కాబట్టి అయింది. వాటాల దగ్గర మాటలు లేని అన్నదమ్ములుంటే ఏమవుతుంది? పాత ఇళ్లలో సగానికి సర్వీసు పోయినవాళ్ల పేరు మీదే ఉంటుందని నా అనుమానం. 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన అక్కర్లేదని నిబంధన మార్చి మేలు చేశారు. అలాగే పేరు మార్పుకు వార్డుల్లో క్యాంపులు పెట్టండి.

అద్దె ఇళ్ల సంగతి, అపార్ట్‌మెంట్ల సంగతి మీకు తెలిసిందే, ఎక్కువ రాయను. బిల్లు అద్దెకున్నవాళ్లు కడతారు, డాబా ఇంటివాళ్లది. ఇక అపార్ట్‌మెంట్లో డాబా అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. లిఫ్టుకు, మోటారుకు, మెట్ల లైట్లకు సంఘం పేరు మీద పెట్టుకుంటే కిలోవాటుకు 18,000 వస్తుందని పటమటలో మా స్నేహితురాలు ఉండే అపార్ట్‌మెంట్ కమిటీకి నేను చెప్పేదాకా తెలియదు. ఢిల్లీలో ఒక చోట పెట్టిన సోలార్ యూనిట్లను పలు ఇళ్ల బిల్లుల్లో పంచుకునే వీలు 2019లోనే ఇచ్చారు. మన దగ్గర అది అపార్ట్‌మెంట్ గుమ్మం దాకా రావాలి. అప్పుడు కింది వాటాలో అద్దెకుండేవాళ్లకు కూడా ఇందులో ఏదో ఒక పాలు దక్కుతుంది.

ఇన్ని కారణాలు రాశాక, పెట్టించుకున్నవాళ్లు ఎందుకు పెట్టించుకున్నారో కూడా రాయాలి. మా వీధిలో మా తర్వాత నాలుగు ఇళ్లవాళ్లు పెట్టించుకున్నారు. ఆ నలుగురూ ముందు మా బిల్లులు చూశారు, ఒకటి కాదు, వరసగా ఆరు నెలలవి. వర్షాకాలంలో ఎంత పడిపోయిందో అడిగారు. మెట్లెక్కి పలకలు తుడవడం చూశారు. (పావురాల రెట్ట, దుమ్ము తప్ప పెద్ద పనేమీ లేదు. తెల్లవారగానే, పలకలు వేడెక్కకముందు, పదిహేను రోజులకోసారి రెండు బకెట్ల నీళ్లు. ఉప్పునీళ్లు వాడితే తెల్ల మరకలు పడతాయి, అది జాగ్రత్త.) కరెంటు పోతే ఇది పనిచేయదని నేనే ముందు చెప్పాను. అది విన్నాక వాళ్లకు నా మిగతా మాటల మీద నమ్మకం పెరిగింది. అమెరికాలో కాలిఫోర్నియా మీద 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒక ప్రాంతంలో ఒక ఇంటి మీద సోలార్ వస్తే అక్కడ ఇంకో ఇంటివాళ్లు పెట్టించుకునే అవకాశం పెరుగుతుందని తేలింది. అది చదివినప్పుడు మా వీధే కళ్ల ముందు కనబడింది.

మన దగ్గర ఇంకో అనుభవం ఉంది. 2014 చివర్లో ఎల్ఈడీ బల్బులు పంచడం మొదలుపెట్టిన మొదటి జిల్లాల్లో గుంటూరు ఒకటి. పాత బల్బులు రెండు ఇస్తే పది రూపాయల చొప్పున రెండు కొత్తవి చేతిలో పెట్టారు. పాడైతే మారుస్తామన్నారు. మా చెల్లెలు వరసలో నిలబడి తెచ్చుకుంది. భూమి వేడెక్కడం గురించి ఆ వరసలో ఎవరూ మాట్లాడలేదట. కానీ ఇంటికొచ్చి పెట్టగానే వెలుగు కనబడింది, మరుసటి బిల్లు తగ్గింది, పాడైతే ఎక్కడికి వెళ్లాలో తెలుసు. సోలార్ అంటే బల్బులా చిన్న వస్తువు కాదు, రెండు లక్షల వస్తువు. అంటే ఆ చివరి మాట ఇక్కడ ఇంకా ఎక్కువ అవసరం.

నాకు మాత్రం ఇది డబ్బు లెక్క ఒక్కటే కాదు. 1979 నుంచి మా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాలుతోంది. మాకు వెలుగునిచ్చింది అదే, దాన్ని తిట్టను. ఆ బూడిద మధ్య బతికే ఊళ్ల పిల్లలకు నేను పాఠాలు చెప్పాను. మే నెల ఎండలు మా చిన్నప్పటిలా లేవు, వానలు మా చిన్నప్పటిలా లేవు. బుడమేరు చూశాక ఈ మాట ఎవరికీ వివరించక్కర్లేదు. అందుకే నా డాబా మీద పుట్టే ప్రతి యూనిట్ నాకు ముఖ్యం, పక్క డాబా ఖాళీగా ఉంటే బాధ కలుగుతుంది.

కాబట్టి అడుగుతున్నాను. ప్రతి వార్డుకు ఒక మనిషిని పెట్టండి. ఆ మనిషి పేరు, ఫోన్ నంబర్ ప్రతి సోలార్ ఇంటి ఇన్వర్టర్ మీద అతికించండి. పథకం కింద పెట్టినవాళ్లు అయిదేళ్లు నిర్వహణ చూడాలని నిబంధన ఉంది. ఫోన్ ఎత్తని కంపెనీని ఎన్ని రోజుల్లో జాబితా నుంచి తీసేస్తారో రాసి బయట పెట్టండి. కంపెనీ మూతపడితే మా ఇంటి సంగతి ఎవరు చూస్తారో కూడా అందులోనే రాయండి. అడ్వాన్స్ తీసుకునే ముందు ఇంటివాళ్లకు తెలుగులో ఒక కాగితం ఇచ్చి సంతకం తీసుకోవాలి: కరెంటు పోతే ఇది ఆగిపోతుంది, బిల్లు పూర్తిగా సున్నా కాకపోవచ్చు, సబ్సిడీ తర్వాత వస్తుంది, మీ వాడకానికి ఇన్నేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది అని. చిన్న బిల్లు ఉన్నవాళ్లకు ఇప్పుడే తొందరపడొద్దని చెప్పే ధైర్యం ఆ కాగితానికి ఉండాలి. వరద వచ్చే వీధుల్లో ఫోన్లకు, రెండు లైట్లకు సరిపడే చిన్న బ్యాటరీకి సాయం చేసే దారి చూడండి. ఇన్వర్టర్, మీటరు మునగని ఎత్తులో బిగించాలని ఆదేశాలివ్వండి. మా వీధిలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడల మీద గీతలు ఇంకా ఉన్నాయి.

మా పక్కింటి పెద్దాయనతో నిన్న సాయంత్రం మాట్లాడాను. ఆయన ఇంకా పూర్తిగా వద్దనుకోలేదు. ఎవరైనా ఆఫీసు మనిషి వచ్చి, తన డాబా చూసి, ఏదైనా అయితే నేనొస్తాను అంటే ఆలోచిస్తానన్నారు. ఏ ఆదివారమైనా ఉదయం తొమ్మిదికి రండి. మా బిల్లులన్నీ వరసగా ఫైల్లో పెట్టి ఉంచాను. ముందు మా డాబా మీదికి వెళ్దాం, తర్వాత ఆయన ఇంటికి.

ఇట్లు,
సింగ్‌నగర్ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల టీచరు